కర్త లేని పేదరికం

మన పాఠ్యపుస్తకాల్లో ‘కవి పరిచయం’ పేరుతో ఒక చిన్న పేరా ఉంటుంది. ఫలానా కవి నిరుపేద కుటుంబంలో జన్మించి, ఎన్నో కష్టాలకోర్చి విద్యాభ్యాసం చేశారన్న వాక్యం అందులో తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యంలో పేదరికానికి కర్త లేడు. వడగళ్ల వానలాగా అది ఎక్కడి నుంచో వచ్చి ఒక ఇంటి మీద పడింది. ఆ ఇంటిని పేదగా ఉంచినవారెవరు, ఊరి భూమి ఎవరి చేతిలో ఉంది, బడిలో ఆ పిల్లవాణ్ణి ఏ మూల కూర్చోబెట్టారు అన్న ప్రశ్నలు వ్యాకరణంలోనే మాయమైపోతాయి. నిజామాబాద్ పట్టణంలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. బాల్యపు పేదరికాన్ని చిత్రించిన సాహిత్యం తరగతి గదిలోకి వచ్చేసరికి ఏమవుతున్నదో దగ్గరగా చూస్తున్నాను. దాన్ని నేను బోధనా సమస్యగా కంటే కుల సమస్యగానే పరిగణిస్తాను.

ఇటీవలి శిక్షణా తరగతుల్లో ‘భిన్న ఆలోచనా దృక్కోణాలు’ అన్న మాట బాగా వినిపిస్తున్నది. దాని వెనుక ఎక్కువగా ఉన్నది ఎడ్వర్డ్ డి బోనో 1985లో ప్రచురించిన ‘సిక్స్ థింకింగ్ హ్యాట్స్’ పుస్తకం. ఆలోచనకు ఆయన ఆరు రంగుల టోపీలు తొడిగారు. తెల్లది సమాచారానికి, ఎర్రది ఉద్వేగానికి, నల్లది హెచ్చరికకు, పసుపుపచ్చది ఆశాభావానికి, ఆకుపచ్చది కొత్త ఊహకు, నీలిది మొత్తం చర్చను నడపడానికి. నిర్వహణ రంగంలో, సమావేశాల్లో వాదులాట తగ్గించడానికి బాగా వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతి బడులకూ కళాశాలలకూ చేరింది. ఒక కథను ఇచ్చి, విద్యార్థులను ఆరు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో టోపీ ఇస్తారు.

ఈ పద్ధతిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మన తెలుగు తరగతి నెత్తిన ఇన్నాళ్లూ ఉన్నది ఒకే టోపీ. సారాంశం రాయండి, సందేశం రాయండి. చాసో ‘కుంకుడాకు’ చదివినా, జాషువా పద్యం చదివినా చివరికి తేలే సందేశం ఒక్కటే: కష్టపడితే ఫలితం ఉంటుంది, సాటి మనిషి పట్ల దయ ఉండాలి. గైడు పుస్తకంలో నాలుగు మార్కుల సమాధానం సిద్ధంగా ఉంటుంది. అలాంటి చోట ఒకే కథను ఆరు వైపుల నుంచి చూడమనడం మేలే. వెనుక బెంచీలో మౌనంగా ఉండే అమ్మాయి కూడా ఏదో ఒక టోపీ కింద నోరు విప్పుతుంది. నా తరగతిలో అది జరిగింది. అయితే పేదరికం గురించిన సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతికి ఒక పునాది లోపం బయటపడుతుంది. టోపీ పెట్టుకునేది, తీసేసేది. కథలోని పిల్లవాడు తరగతిలోనే కూర్చుని ఉన్నప్పుడు అతని నెత్తిన ఉన్నది తీసేయడానికి వీలు లేనిది.

చిక్కు తెల్ల టోపీ నుంచే మొదలవుతుంది. కథలోని సమాచారం చెప్పమంటే విద్యార్థులు లేనివాటి జాబితా చదువుతారు. తిండి లేదు, చెప్పులు లేవు, పలక లేదు, దీపం లేదు. ఇవన్నీ నిజాలే. ఆ ఇంటికి అవి ఎందుకు లేవో చెప్పేవి కూడా నిజాలే కదా, వాటిని ఎవరూ జాబితాలో చేర్చరు. వై.బి. సత్యనారాయణ గారి ‘మై ఫాదర్ బాలయ్య’ 2011లో ఇంగ్లీషులో వచ్చి, తర్వాత తెలుగులోకీ వచ్చింది. ఉత్తర తెలంగాణ మాదిగ కుటుంబం మూడు తరాల కథ అది. రచయిత ముత్తాత నర్సయ్య నిజాం నవాబుకు చెప్పులు కుట్టి ఇస్తే, మెచ్చిన నవాబు యాభై ఎకరాల భూమి ఇచ్చాడు. ఊరి దొర దాన్ని నిలవనివ్వలేదు. చివరికి ఆ కుటుంబం చేతిలో మిగిలినది రెండెకరాలు. ఆ ఇంటి పిల్లల ఆకలిని ‘నిరుపేద కుటుంబంలో జన్మించి’ అన్న వాక్యంలో కుదించగలమా? నలభై ఎనిమిది ఎకరాలు గుంజుకున్న చేయి ఆ వాక్యంలో ఎక్కడుంది? తెల్ల టోపీ పెట్టుకున్న జట్టుకు నేను ఇచ్చే మొదటి పని ఈ లెక్క తీయడమే.

ఇదే లెక్కను బోధన్ చెరకు నేలకు వర్తింపజేస్తే విద్యార్థులు ఉలిక్కిపడతారు. తమ కాళ్ల కింది చరిత్ర అది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు బోధన్, వర్ని, కోటగిరి వైపు పారాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని ఊళ్లు కట్టుకున్నారు. ‘క్యాంపు’ అన్న తోక ఉన్న ఊరి పేర్లు ఆ వలసకు ఇప్పటికీ సాక్ష్యం. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దానికి వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలుండేవి. ఆసియాలోనే పెద్దదని ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. నీళ్లొచ్చాయి, ఫ్యాక్టరీ వచ్చింది, పంట వచ్చింది. మాలవాడకూ మాదిగవాడకూ వచ్చినది ప్రధానంగా కూలి. కాలువ కింద భూమి విలువ పెరిగిన కొద్దీ భూమి లేనివాడికి అది మరింత దూరమైంది. (క్యాంపుల్లోనూ పేదలు లేరని కాదు, అక్కడి పేదరికానికీ వాడ పేదరికానికీ మధ్య అప్పు పుట్టే తేడా, సంబంధం కలిసే తేడా ఉన్నది.)

2002లో కర్మాగారంలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతపడ్డాయి. పునరుద్ధరణ కోసం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఫ్యాక్టరీ గురించి ఏ వ్యాసం రాసినా, ఏ పాట కట్టినా అందులో సైరన్ మోత, క్వార్టర్లు, ఆటస్థలం, ఆస్పత్రి ఉంటాయి. అది పర్మినెంట్ ఉద్యోగి బిడ్డ జ్ఞాపకం. ఆ జ్ఞాపకం విలువైనదే. రైల్వే కూలి బాలయ్య కుటుంబానికి ఏమిచ్చిందో, చక్కెర ఫ్యాక్టరీ జీతం ఇక్కడి కొన్ని బహుజన కుటుంబాలకు అదే ఇచ్చింది: దొర గడప తొక్కకుండా నెల తిరిగేసరికి వచ్చే డబ్బు. అందుకే ఫ్యాక్టరీ మూత కుల ప్రశ్న కూడా. కాని చెరకు నరికే కూలి బిడ్డ జ్ఞాపకం ఎక్కడ రాసి ఉంది? క్రషింగ్ సీజన్‌లో మరాఠ్వాడా నుంచి ముకద్దం ఇచ్చిన అడ్వాన్సు మీద భార్యాభర్తలు జంటగా వస్తారు. ఆ జంటను ఒక ‘కోయతా’గా, అంటే ఒక కొడవలిగా లెక్కిస్తారు. పిల్లలు ఆ లెక్కలో ఉండరు, పొలం గట్టు మీద గుడిసెల్లో మాత్రం ఉంటారు. బడి తెరిచి ఉండే నెలలూ చెరకు కోసే నెలలూ ఒకటే. తెలుగు సిలబస్‌లో ఆ పిల్లవాడి మీద ఒక్క పాఠం నా కంట పడలేదు.

పట్టణంలోని బీడీ ఇండ్ల సంగతీ అంతే. నిజామాబాద్‌లో తల్లి చేట ముందు కూర్చుని తునికాకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని బీడీ మూతి మలిచే పిల్ల ఏ తరానికీ కొత్త కాదు. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీ తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనుల జాబితాలో చేర్చింది. అదే చట్టం, ఇంటి యజమాని తన కుటుంబంతో కలిసి చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చింది. నిషేధం ఒక చేత్తో, మినహాయింపు ఒక చేత్తో. ఇంట్లో చేసే పని ఏ కులాల ఇండ్లలో ఉంటుందో చట్టం రాసినవారికి తెలియదనుకోలేం. ఇంటర్ సీబీఎస్‌ఈ ఇంగ్లీషు పుస్తకంలో అనీస్ జంగ్ ‘లాస్ట్ స్ప్రింగ్’ పాఠం ఉంది. ఫిరోజాబాద్ గాజుల కొలుముల దగ్గరి పిల్లలు, ఢిల్లీ సీమాపురిలో చెత్త ఏరే పిల్లలు అందులో ఉన్నారు. రచయిత్రి పెరిగింది హైదరాబాద్‌లో. ఆ పాఠం చదివి కంటతడి పెట్టిన విద్యార్థి తన వీధిలోని బీడీ చేటను చూడడు. ఫిరోజాబాద్ దూరం కాబట్టి సాహిత్యమైంది. ఇక్కడిది దగ్గర కాబట్టి అలవాటైంది.

ఎర్ర టోపీ గురించి ఎక్కువ చెప్పవలసి ఉంది. ఈ కథ చదివితే మీకేమనిపించింది అని అడగడం నిర్దోషమైన ప్రశ్నలా కనిపిస్తుంది. తరగతిలో సగం మందికి జాలి వేస్తుంది. మిగతా సగానికి ఒళ్లు మండుతుంది, లేదా సిగ్గు వేస్తుంది, లేదా ఏమీ అనిపించనట్టు కిటికీ వైపు చూస్తారు. మార్కులు పడేది మాత్రం జాలికే. పైగా, ఉత్సాహవంతులైన అధ్యాపకులు కొందరు వాడ నుంచి వచ్చిన విద్యార్థి వైపు తిరిగి, నీ అనుభవం చెప్పు అంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. ఆ క్షణంలో అతడు పాఠకుడిగా ఉండే హక్కు కోల్పోయి ఉదాహరణగా మారిపోతాడు. మిగతావారంతా కథను చదువుతుంటే, అతణ్ణి తరగతి చదువుతుంది. హాస్టల్ నుంచి వచ్చే ఎందరో తెలివైన పిల్లలు ఈ పాఠాలు ఉన్న రోజే గైర్హాజరు కావడం నేను గమనించాను. దళిత విద్యార్థిని వాంగ్మూలం అడగకూడదు, విమర్శ అడగాలి. వాక్యం ఎలా కట్టారు, రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడు, ఏమి దాచాడు అని అడగాలి. వాంగ్మూలం అవసరమే అయితే భూమి ఉన్న ఇంటి పిల్లవాణ్ణి అడగవచ్చు: మీ తాతకు ఆ భూమి ఎలా వచ్చింది, దాన్ని దున్నినవారి మనుమలు ఇప్పుడేం చేస్తున్నారు?

దృక్కోణం మారడమంటే ఏమిటో చెప్పడానికి నాకు డి బోనో కంటే బామ ఎక్కువ ఉపయోగపడ్డారు. 12వ తరగతి ఎన్సీఈఆర్టీ ఇంగ్లీషు పుస్తకంలో ఆమె బాల్య జ్ఞాపకం ఒకటి ఉంది. వాడకు చెందిన ఒక పెద్దాయన భూస్వామికి తినుబండారాల పొట్లం తీసుకువెళ్తూ, చేయి తగలకుండా దారం కొస పట్టుకుని నడుస్తుంటాడు. చిన్న బామకు ఆ నడక చూసి నవ్వు ఆగదు. ఇంటికి వచ్చి అన్నకు చెబితే అన్న నవ్వడు. ఆ దారం వెనుక ఉన్న అంటరానితనాన్ని వివరిస్తాడు. అదే దృశ్యం, అదే పొట్లం, ఇప్పుడు ఆమెకు కోపం ముంచుకొస్తుంది. కొత్త టోపీ ఏదీ రాలేదు. ఒక నిజం తెలిసింది, చూపు మారింది. తెల్లదాన్నీ ఎర్రదాన్నీ విడదీసి రెండు జట్లకు పంచితే ఈ సంఘటన అర్థమే కాదు. సమాచారం తెలియని ఉద్వేగం అక్కడ నవ్వు మాత్రమే.

మా జిల్లాలో ఆ దారం ఇంకా తెగలేదు. గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో నడిచే వ్యవస్థకు పంచాయతీరాజ్ చట్టంలో చోటు లేదు. అయినా ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల్లో అవి జరిమానాలు వేస్తాయి, వేలాలు నిర్వహిస్తాయి, మాట వినని దళిత కుటుంబాలనూ, గీత, మత్స్య, ఇతర బీసీ కులాలవారినీ బహిష్కరిస్తాయి. బహిష్కరణ అంటే కిరాణా కొట్టులో ఉప్పు అమ్మరు, కూలికి పిలవరు, పలకరించినవారికీ జరిమానా. పిల్లవాడు డబ్బులు చేతిలో పట్టుకుని దుకాణం ముందు నిలబడి ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. అతని దగ్గర డబ్బుంది. ఇది పేదరికమా, కాదా? ఆర్థిక సూచికల్లో ఎక్కడా కనిపించని ఈ లేమిని మన సాహిత్య బోధన ఏ టోపీ కింద పెడుతుంది? పొరుగున ఉన్న మహారాష్ట్ర సాంఘిక బహిష్కరణ మీద 2016లోనే ప్రత్యేక చట్టం చేసుకున్నది. సరిహద్దుకు ఇవతల మనకూ అలాంటిది కావాలి.

పసుపుపచ్చ టోపీ అంటే విద్యార్థులకూ అధ్యాపకులకూ ఇష్టం. కష్టంలోనూ ఒక మంచి ఉంది అని చూపించమంటుంది. మా జిల్లాలో ఈ టోపీకి దొరికే ఉదాహరణ ఎప్పుడూ మాలావత్ పూర్ణే. సిరికొండ మండలం పాకాల నుంచి వచ్చిన లంబాడీ అమ్మాయి 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమె వెంట శిఖరం చేరిన ఆనంద్‌కుమార్ ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి. ఈ ఘనతను ‘సంకల్పబలం ఉంటే పేదరికం అడ్డు కాదు’ అన్న ఒక్క వాక్యంగా మార్చేయడం ఎంత సులభమో! ఆ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ప్రభుత్వ సొమ్ముతో తిండి, బట్ట, చదువు, శిక్షణ అందాయి కాబట్టి సంకల్పానికి శిఖరం అందింది. పసుపు టోపీ జట్టు గురుకులాల బడ్జెట్ గురించి, సీట్ల సంఖ్య గురించి, అద్దె భవనాల గురించి, హాస్టల్ అన్నం తిని పిల్లలు ఆస్పత్రి పాలవుతున్న వార్తల గురించి మాట్లాడితే ఆ టోపీకి న్యాయం జరుగుతుంది. పేదరికం మనిషిని రాటుదేలుస్తుందన్న మాట, పేదరికంలో లేనివారు కనిపెట్టిన ఓదార్పు.

హాస్యం వేరు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లా పేద ముస్లిం ఇంటి బాల్యాన్ని నవ్వుతూ చెబుతాయి. బోధన్ నుంచి వచ్చే ముస్లిం విద్యార్థులు వాటిని చదివినప్పుడు తరగతిలో వినబడే నవ్వు ఓదార్పు నవ్వు కాదు, గుర్తుపట్టిన నవ్వు. ఆ తేడాను పట్టుకునే రంగు ఆరింటిలో లేదు. నల్ల, ఆకుపచ్చ, నీలి టోపీల గురించి ఇక్కడ చెప్పవలసినంతేమీ లేదు.

ప్రపంచ సాహిత్యంలో బాల్యపు పేదరికం అనగానే ఫ్రాంక్ మెకోర్ట్ ‘ఏంజెలాస్ యాషెస్’ను పేర్కొంటారు. 1996లో వచ్చి పులిట్జర్ పొందింది. ఐర్లండ్‌లోని లిమరిక్ మురికివాడ, తాగుబోతు తండ్రి, చనిపోయే పిల్లలు. మా ఊరిని ఇంత హీనంగా చూపిస్తావా అని లిమరిక్ వాసులు కొందరు రచయితతో తగవు పెట్టుకున్నారు. ఆ తగవును నేను ఇష్టంగా చెబుతాను. పేద పిల్లవాడి కథ చెబితే ఊరికి కోపం రావడం సహజమనడానికి అది మంచి సాక్ష్యం. ఒక్క తేడా ఉంది. మెకోర్ట్ పందొమ్మిదేళ్లకు ఓడ ఎక్కి న్యూయార్క్ వెళ్లి ఆ పేదరికాన్ని వెనుక వదిలాడు. బాలయ్య కుటుంబంలో పిల్లలు చదివి అధ్యాపకులైనా, పట్నంలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు కులం వెంట వస్తుంది. డబ్బు రాగానే పోయే పేదరికానికీ, డబ్బు వచ్చినా పోని దానికీ ఒకే పేరు పెట్టి బోధించడమే మనం చేస్తున్న పని.

ఆ పేరు పెట్టడం వల్ల రాజకీయ ఫలితం ఉంది. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా బలహీన వర్గాలకు పది శాతం రిజర్వేషన్ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలను అందులో చేర్చలేదు. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో దాన్ని సమర్థించింది, ఇద్దరు విభేదించారు. పేదల్లో అత్యధికులైన కులాలను పేదల కోటా నుంచి బయటపెట్టడమేమిటన్నది విభేదించిన తీర్పులోని కీలక ప్రశ్న. నా విద్యార్థుల్లో ఎక్కువమందికి ఆ కోటా న్యాయంగానే కనిపిస్తుంది, కుల రిజర్వేషన్ అన్యాయంగా కనిపిస్తుంది. పదేళ్ల పాటు కులం లేని పేదరికాన్ని పాఠాల్లో చదువుకున్నవారికి మరోలా ఎలా అనిపిస్తుంది? తెలంగాణ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన కుల సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిమేతర బీసీలు 46.25 శాతం. ఇంటింటి ఆస్తి, చదువు, ఉపాధి వివరాలు కూడా ఆ సర్వేలో సేకరించారు. కథల పక్కన పెట్టి చదవడానికి తెలుగు అధ్యాపకుడికి ఇంతకు మించిన తెల్ల కాగితం దొరకదు.

చివరగా మన నేలకూ జాషువాకూ ఉన్న ఒక బంధం గురించి. 1895లో వినుకొండ ప్రాంతంలో పుట్టిన గుర్రం జాషువా తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. బడిలో పడ్డ అవమానాలను ‘నా కథ’లో ఆయనే చెప్పుకున్నారు. ఆయన కుమార్తె హేమలతా లవణం 1980లలో నిజామాబాద్ జిల్లాకు వచ్చి జోగినీ దురాచారం మీద పనిచేశారు. వర్నిలో ‘చెల్లి నిలయం’ నెలకొల్పారు. జోగినీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. చెరకు తోటల నడుమ ఉన్న ఆ వర్నికీ, వినుకొండ బడిలో మూల కూర్చున్న పిల్లవాడికీ మధ్య దారి ఉన్నదని మా విద్యార్థుల్లో ఎవరికీ తెలియదు. జోగినిగా మారినవారు అత్యధికంగా మాల, మాదిగ ఆడపిల్లలే. వారి పిల్లలు బడిలో చేరేటప్పుడు ఎదురైన మొదటి సాహిత్యం అడ్మిషన్ ఫారం. అందులో ‘తండ్రి పేరు’ అన్న గడి. తండ్రి ఆ ఊళ్లోనే, పెద్ద ఇంట్లోనే ఉన్నాడు. ఆ గడి ఖాళీగా ఉన్నందుకు సిగ్గుపడవలసింది మాత్రం పిల్లవాడు. తల్లి పేరు చాలని జోగినీల సంఘాలు పోరాడవలసి వచ్చింది.

ఇంటర్నల్ మార్కుల అసైన్‌మెంట్‌లో అధ్యాపకుడికి కొంత స్వేచ్ఛ ఉంటుంది. ఈ సెమిస్టర్ నుంచి జాషువా పాఠంతో పాటు ఆ ఖాళీ అడ్మిషన్ ఫారాన్ని, 1986 చట్టంలోని మినహాయింపు వాక్యాన్ని, బాలయ్య తాత భూమి లెక్కను కలిపి ఇస్తున్నాను. ఒక్కో వాక్యానికి కర్తను వెతికి రాయమన్నాను. కులాల పేర్లు ఎందుకు రాయిస్తున్నారని ఇద్దరు తల్లిదండ్రులు అప్పుడే ఫోన్ చేశారు. ‘కుంకుడాకు’లో పొయ్యిలోకి ఆకులు ఏరుకునే పిల్లకు ఆసామి దొంగతనం అంటగట్టి కొట్టిన చోట, ఆ చెట్టు ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానాలు ఇంకా వస్తున్నాయి.